01:52కా, 02:05కా? కావలి లింక్ కేసులో రూటింగ్ డేటా టైమ్‌స్టాంప్‌లు చదివిన తీరు

ఒక నెల 1వ తేదీ తెల్లవారుజామున కావలి దగ్గరి ఒక చిన్న ఇంటర్నెట్ ప్రొవైడర్‌కి అప్‌స్ట్రీమ్ లింక్, అంటే తనకి నెట్ అమ్మే పెద్ద కంపెనీతో ఉన్న లింక్, పడిపోయింది. నెల్లూరు జిల్లాలో ఫైబర్ తెగడం కొత్త విషయం కాదు. 16వ నంబర్ జాతీయ రహదారి పక్కన ఎక్కడ జేసీబీ దిగినా ఏదో ఒక కంపెనీ కేబుల్‌కి దెబ్బ తగులుతుంది. ఈ కేసుని వివరంగా రాయడానికి కారణం వేరే ఉంది. లింక్ ఎప్పుడు పడింది, ఎప్పుడు లేచింది అంటే నాలుగు చోట్ల నుంచి నాలుగు రకాల సమాధానాలు వచ్చాయి. నాలుగూ నిజమైన రికార్డులే, ఎవరూ దిద్దినవి కావు. అయినా ఒకదానితో ఒకటి కుదరలేదు.

ఆ ప్రొవైడర్ కస్టమర్లలో ఒక కంపెనీ బోగోలు, అల్లూరు వైపు రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ సెన్సర్లు పెడుతుంది. చీకటి పడ్డాక నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇవ్వడం మానేస్తుంది, గుంటలో ఉన్నవన్నీ మాత్రం పీలుస్తూనే ఉంటాయి. అందుకే తెల్లవారేముందు ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సెన్సర్ రీడింగ్ ముంబైలోని క్లౌడ్ సర్వర్‌కి వెళ్ళి, పరిమితి దాటితే రైతు ఫోన్‌కి అలర్ట్ వస్తుంది. ఆ రాత్రి అలర్ట్‌లు రాలేదు. ఒక గుంట దగ్గర కాపలా మనిషి రొయ్యలు తేలడం చూసి ఏరియేటర్లు వేశాడు కాబట్టి కొంతైనా మిగిలింది. రైతు సెన్సర్ కంపెనీని అడిగాడు, సెన్సర్ కంపెనీ మా ప్రొవైడర్‌ని అడిగింది, ప్రొవైడర్ అప్‌స్ట్రీమ్‌ని అడిగాడు. అప్‌స్ట్రీమ్‌తో ఒప్పందంలో గంటన్నర దాటితే పరిహారం స్లాబ్ మారుతుంది. నిమిషాల లెక్క కావాల్సి వచ్చింది అందుకే.

నన్ను పిలిచినప్పుడు ప్రొవైడర్ ఓనర్ చెప్పిన మొదటి మాట: "అన్నా, వాళ్ళు అసలు మన రూట్ పోనే లేదంటున్నారు. ఇంటర్నెట్ రికార్డే చూపిస్తున్నారు. మరి మా వాళ్ళందరికీ నెట్ ఎట్టా ఆగింది?"

కస్టమర్ల వివరాలు బయటపడకుండా ఇక్కడ నంబర్లు మార్చాను. ఇంటర్నెట్‌లో ఒక్కో నెట్‌వర్క్‌కి ఉండే గుర్తింపు నంబరే ఏఎస్ నంబర్. ప్రొవైడర్ ఏఎస్ నంబర్ 64500, వాళ్ళ అప్‌స్ట్రీమ్ 64502, ఆ అప్‌స్ట్రీమ్ మిగతా ఇంటర్నెట్‌కి దారి కొనుక్కునే ఇద్దరు ట్రాన్సిట్‌లు 64510, 64511 అనుకుందాం. ప్రొవైడర్ ఐపీ అడ్రస్‌ల గుంపు, అంటే ప్రిఫిక్స్, 203.0.113.0/24. ఇవన్నీ ఉదాహరణల కోసమే కేటాయించిన నంబర్లు. ఇవి ఎవరి నెట్‌వర్క్‌కీ చెందవు.

చేతికొచ్చిన నాలుగు రికార్డులు

ముంబై సర్వర్ లాగ్‌లో ఆ గుంటల నుంచి చివరి ప్యాకెట్ 01:52:08కి వచ్చింది. మళ్ళీ మొదటి ప్యాకెట్ 03:47:36కి. లాగ్ మన టైములోనే ఉంది, ఆ విషయం ప్రతి లైనులో రాసి ఉంది. అప్‌స్ట్రీమ్ టికెట్‌లో ఫైబర్ కట్ 02:05, రిస్టోర్ 03:25. ఏ అడ్రస్‌లకి దారి (రూట్) ఎటో నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి బీజీపీ. అవతలి నుంచి ఏమీ వినపడకపోతే ఎంతసేపు ఆగాలో చెప్పే గడువు హోల్డ్ టైమర్. మా ప్రొవైడర్ ఎడ్జ్ రౌటర్ లాగ్‌లో హోల్డ్ టైమర్ అయిపోయి బీజీపీ సెషన్ పడిపోయినట్టు 20:24:31 అని ఉంది, ఏ టైమ్ జోనో రాసి లేదు. నాలుగోది అప్‌స్ట్రీమ్ ఇంజనీర్ పంపిన స్క్రీన్‌షాట్. రూట్‌ల రికార్డు చూపే రైప్‌స్టాట్ అనే వెబ్‌సైట్‌లో రూటింగ్ హిస్టరీ తీసి ఆ ప్రిఫిక్స్‌కి గీత ఎక్కడా తెగలేదని చూపించారు.

సర్వర్ లెక్క ప్రకారం 115 నిమిషాలు. టికెట్ లెక్క ప్రకారం 80 నిమిషాలు. స్క్రీన్‌షాట్ ప్రకారం సున్నా.

ఇంకో మాట కూడా వినిపించింది. ప్రొవైడర్ దగ్గర పనిచేసే కుర్రాడు చురుకైనవాడు, తనంతట తానే రూటింగ్ డేటా ఆర్కైవ్ తెరిచి 01:50 అప్‌డేట్ ఫైల్ దించుకుని చూశాడు. అందులో మా ప్రిఫిక్స్ గురించి ఒక్క లైను కూడా లేదు. ఆర్కైవ్‌లో అన్నీ యూటీసీలో (మన టైమ్ కంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైములో) ఉంటాయి కాబట్టి అతను చూసింది మన టైములో ఉదయం 07:20 నాటి ఫైల్. మనకి కావాల్సిన 01:52 అంటే యూటీసీలో ముందు రోజు 20:22. పైగా ఆ రోజు 1వ తేదీ. ఆర్కైవ్‌లు నెలకో ఫోల్డర్‌గా ఉంటాయి కనుక మన రాత్రి మొత్తం పాత నెల ఫోల్డర్‌లో ఉంది. అతను తెరిచింది వేరే టైముది, వేరే నెలది.

తేదీ ఇలా మారిపోవడం చాలామందికి అలవాటు కావాలి. 2008లో పాకిస్తాన్ టెలికాం యూట్యూబ్‌కి చెందిన 208.65.153.0/24ని తనదిగా ప్రకటించిన ఘటన ఫిబ్రవరి 24న 18:47 యూటీసీకి మొదలైంది. ఒంగోలులోనో నెల్లూరులోనో కూర్చుని చూసినవాడికి అది 25వ తేదీ రాత్రి 12:17. ఆ రోజు డేటా కావాలని 25వ తేదీ ఫైళ్ళు తీస్తే అసలు ప్రకటన అందులో ఉండదు.

గీత ఎందుకు తెగలేదు

స్క్రీన్‌షాట్ సంగతి ముందు తేల్చాలనుకున్నాను. అది అబద్ధం కాదు, కానీ దాన్ని చూపించి చెప్పిన మాట సరైనది కాదు.

రైప్‌స్టాట్‌ని నడిపేది యూరప్ వైపు ఐపీ అడ్రస్‌లు పంచే సంస్థ రైప్ ఎన్‌సీసీ. దాని రూటింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ 1999 నుంచి డేటా దాస్తోంది. ప్రపంచంలో పలుచోట్ల కలెక్టర్లు పెట్టి, నెట్‌వర్క్‌లతో బీజీపీ సెషన్లు కట్టి, వాళ్ళు చెప్పేది వింటుంది. దాచే డేటా రెండు రకాలు. ఒకటి పూర్తి టేబుల్ (అప్పటికి తెలిసిన రూట్‌లన్నిటి జాబితా) నకలు, 8 గంటలకొకసారి: 00:00, 08:00, 16:00 యూటీసీ. రెండోది అప్‌డేట్ ఫైళ్ళు, 5 నిమిషాలకొకటి. రూటింగ్ హిస్టరీ గీత ఆ 8 గంటల నకళ్ళ మీద గీసింది. ఒక నకల్లోనూ దాని తర్వాతి నకల్లోనూ ప్రిఫిక్స్ ఉంటే మధ్యలో కూడా ఉన్నట్టే కలిపేస్తుంది.

ఆ మూడు టైములను మన టైములోకి మార్చండి: 05:30, 13:30, 21:30. రాత్రి తొమ్మిదిన్నరకు ఒక నకలు, ఆ తర్వాత పొద్దున్న ఐదున్నరకే ఇంకొకటి. ఆంధ్రాలో రాత్రి పూట పడి తెల్లారేలోపు లేచిన ఏ లింకూ ఆ గీతలో కనిపించే అవకాశమే లేదు. మా ఆక్వా రైతులకి ప్రాణమైన గంటలన్నీ సరిగ్గా ఆ రెండు నకళ్ళ మధ్యే పడుతున్నాయి. ఇది తెలిసినప్పటి నుంచి రాత్రి ఔటేజ్‌లకి హిస్టరీ గీతను సాక్ష్యంగా ఎవరు తెచ్చినా నేను ఒప్పుకోవడం లేదు.

అదే సైట్‌లో సెటింగ్ మార్చకపోతే కనీసం 10 మంది పీర్లకు (కలెక్టర్లతో సెషన్ కట్టిన నెట్‌వర్క్‌లకు) కనిపించిన రూట్‌నే హిస్టరీలో చూపుతుంది. కొద్దిమందికి మాత్రమే కనిపించే రూట్‌లు అందులోకి రావు. వచ్చే టైములకి చివర జోన్ గుర్తు కూడా ఉండదు. గుర్తు లేదంటే యూటీసీ అనే అర్థం.

ఇలాంటిదే ఇంకో ఆర్కైవ్, ఒరెగాన్ యూనివర్సిటీ నడిపే రౌట్ వ్యూస్‌లో నకళ్ళు 2 గంటలకొకసారి, అప్‌డేట్ ఫైళ్ళు 15 నిమిషాలకొకటి. అప్‌స్ట్రీమ్ వాళ్ళు తర్వాత ఆ 22:00 యూటీసీ నకలు కూడా తీసి, "చూడండి, 03:30కి మీ రూట్ టేబుల్‌లో ఉంది" అన్నారు. ఉంది, నిజమే. కానీ అందరు పీర్ల దగ్గరా లేదు. ఎవరి దగ్గర ఉంది, ఎవరి దగ్గర లేదు అన్నదే తర్వాత కేసుని తేల్చింది.

టైమ్ ఎవరు వేస్తారు

బీజీపీ అప్‌డేట్ మెసేజ్‌లో టైమ్ అనే గడి లేదు. ఒక ఏఎస్ "నా ప్రిఫిక్స్ ఇక లేదు" అని చెప్పినప్పుడు ఎప్పుడు చెప్పిందో ఆ మాటలో ఉండదు. తేదీ వేయకుండా రాసిన ఉత్తరం లాంటిది అది: చేరిన ఊరి పోస్టాఫీసు ముద్రే దాని మీద ఉంటుంది. కలెక్టర్ తనకి మెసేజ్ అందిన క్షణాన్ని తన గడియారం చూసి రాసుకుంటుంది. ఆ రాతకోతల ఫార్మాట్‌ని ఎమ్‌ఆర్‌టీ అంటారు, 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6396 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో వివరాలున్నాయి. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా టైమ్ రాస్తారు. మైక్రోసెకన్లు కూడా రాసే రకం ఇంకొకటి ఉంది.

పూర్తి నకలులో రెండు టైములుంటాయి. చాలామంది పొరపడేది ఇక్కడే. పై హెడర్‌లో ఉన్నది నకలు తీసిన టైమ్. లోపల ఒక్కో పీర్ రూట్ పక్కన ఉన్నది ఆ రూట్ ఆ రూపంలో కలెక్టర్‌కి అందిన టైమ్. ఈ ఫైళ్ళు చదివే బీజీపీడంప్ టూల్ మామూలుగా మొదటిదే చూపిస్తుంది. టైమ్‌స్టాంప్ ఆప్షన్‌లో "డంప్"కి బదులు "చేంజ్" అని ఇస్తే రెండోది చూపిస్తుంది. రౌట్ వ్యూస్ 00:00 యూటీసీ నకలుని అలా తెరిచాను. కొందరు పీర్ల దగ్గర మా రూట్ 21:56 ప్రాంతంలో అందింది, ఇంకొందరి దగ్గర 22:17 దాటాక. రూట్ ఆ రాత్రంతా కదలకుండా ఉంటే పాత తేదీలు ఉండాలి. తెగలేదన్న వాదన అక్కడితో ఆగిపోయింది.

ఈ లోపలి టైమ్‌ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. పీర్‌కీ కలెక్టర్‌కీ మధ్య సెషన్ రీసెట్ అయితే ఆ పీర్ చెప్పే ప్రతి రూట్‌కీ కొత్త టైమ్ పడుతుంది. అందుకే అదే పీర్ దగ్గర మనకి సంబంధం లేని వేరే ప్రిఫిక్స్‌ల టైములు కూడా చూస్తాను. అవన్నీ కూడా 22:17 అని ఉంటే అది కలెక్టర్ సెషన్ కథ, మన లింక్ కథ కాదు. ఇక్కడ పక్కవాటికి రోజుల కిందటి టైములున్నాయి. మా ఒక్కదానికే కొత్తది.

22:00 నకలులో ఒక పీర్ దగ్గర వింత కనిపించింది. మా రూట్ లోపలి టైమ్ ఔటేజ్‌కి చాలా ముందుది. అంటే విత్‌డ్రా (రూట్ ఇక లేదనే మెసేజ్) ఆ పీర్ దాకా చేరలేదు, రూట్ అక్కడే ఇరుక్కుపోయి ఉంది. ఇలా ఇరుక్కున్న రూట్‌లు రూటింగ్ డేటాలో నిజంగా తగులుతూ ఉంటాయి. ఆ ఒక్క పీర్‌ని చూసి "ఎప్పుడూ కనిపిస్తూనే ఉంది" అనడానికి లేదు. దాన్ని లెక్కలోంచి తీసేసి, ఎందుకు తీశానో రిపోర్ట్‌లో రాశాను.

మొదలు ఎప్పుడు

రౌటర్ లాగ్‌లోని 20:24:31 ఏ జోన్? దాన్ని మన టైమ్ అనుకుంటే రాత్రి ఎనిమిదిన్నరకి సెషన్ పడినట్టు. అప్పుడు ఊరంతా నెట్ నడుస్తోంది. యూటీసీ అనుకుంటే 01:54:31. అంతమాత్రాన యూటీసీ అని తేల్చేయకూడదు, గడియారమే తప్పు కావచ్చు. బ్యాటరీ గడియారం లేని చిన్న రౌటర్లు కరెంటు పోయి వస్తే 1970 దగ్గర మొదలై, ఎన్‌టీపీ (నెట్ ద్వారా గడియారాన్ని సరిపెట్టే పద్ధతి) అందేదాకా అలాగే ఉంటాయి.

గడియారాన్ని పరీక్షించడానికి ఆ రాత్రి తర్వాత జరిగిన సంఘటనలే ఉపయోగపడ్డాయి. తెగిన ఫైబర్‌ని అతికిస్తూ స్ప్లైసింగ్ చేస్తున్నప్పుడు సెషన్ నాలుగుసార్లు లేచి మూడుసార్లు పడింది. ప్రతిసారీ రౌటర్ లాగ్‌లో సెషన్ లేచిన టైమ్‌కీ సింగపూర్‌లోని ఆర్‌ఆర్‌సీ23 కలెక్టర్‌లో కనిపించిన మొదటి అనౌన్స్‌మెంట్‌కీ (రూట్ ఉందనే మెసేజ్‌కీ) తేడా చూశాను. ప్రతిసారీ కలెక్టర్ టైమే కొన్ని సెకన్లు వెనక ఉంది, తేడా నిలకడగా ఉంది. గడియారం తప్పైతే తేడా పెద్దదిగా ఉండేది, లేదా కలెక్టర్ ముందుండేది. కలెక్టర్ గడియారం సంగతి? దానికి రైప్ వాళ్ళ బీకన్ ప్రిఫిక్స్‌లు ఉన్నాయి, ముందే చెప్పిన టైములకి కావాలనే పెట్టి తీసేవి. అవి 20:00కి అనౌన్స్ అవుతాయి, 22:00కి విత్‌డ్రా అవుతాయి, 4 గంటల చక్రం. మా ఔటేజ్‌కి రెండు వైపులా ఒక్కో గుర్తు పడింది. అనౌన్స్ మెసేజ్‌లో అగ్రిగేటర్ గడిలో నెల మొదటి నుంచి గడిచిన సెకన్లను ఐపీ అడ్రస్ రూపంలో పెడతారు. యూటీసీలో అది 30 రోజుల నెల ఆఖరి రోజు, కాబట్టి 20:00కి 2577600 సెకన్లు. అది 10.39.84.192గా ఉండాలి, అలాగే ఉంది. బీజీపీలో టైమ్ లేదని పైన అన్నాను. తమ మెసేజ్‌కి టైమ్ కావాలనుకున్నవాళ్ళు ఇలా వేరే గడిలో పెట్టుకుని పంపుతున్నారు.

సెషన్ 01:54:31కి పడిందంటే ఫైబర్ అప్పుడు తెగిందని కాదు. ప్రొవైడర్ రౌటర్‌కీ ఫైబర్‌కీ మధ్య ఒక స్విచ్ ఉంది. ఫైబర్ పోయినా రౌటర్ పోర్ట్ అప్‌లోనే ఉండిపోయింది. రౌటర్‌కి తెలియడానికి ఉన్నది హోల్డ్ టైమర్ ఒక్కటే. అది 180 సెకన్లు. చివరి కీప్‌అలైవ్ (ఇంకా ఉన్నానని చెప్పే చిన్న మెసేజ్) 01:51:31కి వచ్చి ఉండాలి. కీప్‌అలైవ్‌లు సుమారు నిమిషానికొకటి కనుక ఫైబర్ 01:51:31కీ 01:52:31కీ మధ్య తెగింది. వీళ్ళు అప్‌స్ట్రీమ్ నుంచి డీఫాల్ట్ రూట్ (అన్నిటికీ కలిపి ఒకే దారి) ఒక్కటే తీసుకుంటారు కాబట్టి ఈ లెక్క కుదిరింది. ఇంటర్నెట్ రూట్‌లన్నీ ఉండే ఫుల్ టేబుల్ తీసుకుంటే అప్‌డేట్‌లు సెకను సెకనుకీ వస్తూ టైమర్‌ని మళ్ళీ మొదలుపెడుతుంటాయి, అప్పుడు తెగిన క్షణం ఇంకా దగ్గరగా తెలిసేది. సర్వర్‌కి చివరి ప్యాకెట్ 01:52:08. రెండూ కలిశాయి.

అప్‌స్ట్రీమ్ వాళ్ళని టికెట్ కాకుండా రౌటర్ లాగ్ ఇమ్మని అడిగాం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ ఎన్‌టీపీ సర్వర్లతో గానీ వాటితో కలిసే సర్వర్లతో గానీ సరిపెట్టాలి. లాగ్ ఇచ్చారు. వాళ్ళ వైపు సెషన్ 01:54:44కి పడింది. సింగపూర్‌లో మొదటి విత్‌డ్రా 20:24:52, అంటే మన 01:54:52. ఆ వివరం 20:20కి మొదలయ్యే 5 నిమిషాల ఫైల్‌లో దొరికింది. ఫైల్ పేరులో ఉండేది ఆ 5 నిమిషాల మొదలు, ముగింపు కాదు.

ఆఖరి పీర్ నుంచి విత్‌డ్రా 20:27:38కి వచ్చింది. మధ్యలో ఆ దాదాపు మూడు నిమిషాల్లో మా రూట్ పోలేదు, పొడవైన దారులు ఎక్కుతూ తిరిగింది. ఒక ట్రాన్సిట్ లేదంటే ఇంకొకరి ద్వారా ఉందేమో అని రౌటర్లు వెతుకుతాయి. ఆ దారీ చచ్చిందని తర్వాత తెలుస్తుంది. బీజీపీ ప్రమాణం ఒకే పొరుగు రౌటర్‌కి వరుసగా పంపే అప్‌డేట్‌ల మధ్య 30 సెకన్ల విరామం సూచిస్తుంది కాబట్టి ఈ వెతుకులాట నిమిషాల్లోకి సాగుతుంది. ఆ మూడు నిమిషాల్లో కలెక్టర్ చూపించే దారుల్లో ఒక్క ప్యాకెట్ కూడా పోదు. అవి టేబుల్‌లో ఉన్నాయని చూపించి ఔటేజ్‌లోంచి తీసేయమని అడిగితే ఒప్పుకోవద్దు.

మరి టికెట్‌లోని 02:05? అది నాక్ (నెట్‌వర్క్ కంట్రోల్ రూమ్) డ్యూటీలో ఉన్నాయన ఫోన్ అందుకుని టికెట్ తెరిచిన టైమ్. వాళ్ళ సిస్టమ్‌లో టికెట్ తెరిచిన టైమే కట్ టైమ్ కాలమ్‌లోకి వచ్చి పడుతుంది. ఆ 13 నిమిషాలే స్లాబ్‌ని మార్చేశాయి. 02:05 నుంచి 03:25 అంటే 80 నిమిషాలు, 01:52 నుంచి 03:25 అంటే 93.

ముగింపు ఎప్పుడు

నాకు ఎక్కువ ఆసక్తి కలిగింది ఇక్కడే. సెషన్ 03:25కి లేచింది, రౌటర్ లాగ్‌లో 21:55. ఇంట్లో కూర్చున్న చాలామంది కస్టమర్లకి 03:27 నుంచి నెట్ వచ్చింది. గుంటల సెన్సర్లకి మాత్రం 03:47 దాకా రాలేదు. అప్‌స్ట్రీమ్ వాళ్ళు సెన్సర్ బాక్సుల్లో లోపం ఉందన్నారు. సెన్సర్ కంపెనీ తమ బాక్సుల మీద ఒట్టేసింది.

అప్‌డేట్‌లను పీర్ వారీగా, ఏఎస్ పాత్ (రూట్ దాటి వచ్చిన నెట్‌వర్క్‌ల వరస) వారీగా విడగొట్టాను. 64511 ద్వారా వచ్చే పాత్‌లున్న పీర్లందరికీ 21:56 ముగిసేలోపు రూట్ చేరింది. 64510ని దాటి రావాల్సిన పీర్లందరికీ 22:17 తర్వాతే. ముంబై క్లౌడ్ మా ప్రిఫిక్స్‌కి చేరేది 64510 మీదుగా. సెన్సర్ పంపిన ప్యాకెట్ ముంబై చేరేది. జవాబు తిరిగి రావడానికి దారి లేదు. కనెక్షన్ కుదరదు కాబట్టి సర్వర్ లాగ్‌లో ఏమీ పడదు.

64510 ఆ రూట్‌ని ఇరవై నిమిషాలు ఎందుకు ఆపింది? విత్‌డ్రా టైములు పక్కపక్కన రాశాను: 20:24, తర్వాత స్ప్లైసింగ్ సమయంలో 21:41, 21:47, 21:52. రూట్ ఫ్లాప్ డాంపింగ్ అనే పాత పద్ధతి ఉంది, 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2439లోది. రూట్ పడిన ప్రతిసారీ పెనాల్టీ వేస్తారు, అది కాలంతో తగ్గుతుంది, ఒక గీత దాటితే రూట్‌ని పక్కన పెడతారు. సిస్కోలో మామూలు విలువలు: ఒక్కో విత్‌డ్రాకి 1000, ఆపే గీత 2000, మళ్ళీ వదిలే గీత 750, పెనాల్టీ సగం కావడానికి 15 నిమిషాలు.

లెక్క వేశాను. 20:24 నాటి వెయ్యి 21:41కి సుమారు 28కి తగ్గింది. కొత్త వెయ్యితో 1028. ఆరు నిమిషాల తర్వాత 779కి తగ్గి, మళ్ళీ వెయ్యి చేరి 1779. ఐదు నిమిషాల తర్వాత 1412, వెయ్యి కలిపితే 2412. గీత దాటింది. 2412 తగ్గి 750కి రావడానికి 25 నిమిషాల పైచిలుకు పడుతుంది. 21:52కి అది కలిపితే 22:17. కలెక్టర్‌లో కనిపించిన టైమ్ అదే. 64511 నుంచి 64510కి వచ్చే దారి కూడా ఆ రాత్రి అన్నిసార్లే ఊగింది కాబట్టి దాన్నీ అలాగే ఆపింది.

లెక్క కుదరడం రుజువు కాదు. అప్‌స్ట్రీమ్ ద్వారా ఆ ట్రాన్సిట్‌ని అడిగించాం. డాంపింగ్ ఆన్‌లో ఉందనీ, విలువలు మార్చలేదనీ వాళ్ళ నుంచి రాతపూర్వకంగా వచ్చింది. 2014 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7196, అంతకుముందు ఏడాది రైప్ సిఫార్సు 580 రెండూ ఆపే గీతని కనీసం 6000కి పెంచమంటున్నాయి. పాత విలువలు మామూలు స్ప్లైసింగ్ ఊగులాటకే నిర్దోషి రూట్‌లని శిక్షిస్తాయి. మా రైతుల విషయంలో జరిగింది అదే.

రిపోర్ట్‌లో ఏం రాశాం, తర్వాత ఏం మారింది

రిపోర్ట్‌లో ఒకే ఔటేజ్‌కి రెండు ముగింపులు రాశాను. 01:52 నుంచి 03:26 దాకా అందరికీ. 03:26 నుంచి 03:47 దాకా 64510 మీదుగా వచ్చేవాళ్ళకి మాత్రమే. ప్రతి టైమ్ పక్కన ఇది ఎవరి గడియారం, ఏ జోన్, ఏ సంఘటన, ఎంత అటూ ఇటూ కావచ్చు అని కాలమ్‌లు పెట్టాను. అప్‌స్ట్రీమ్ ఇంజనీర్ దాన్ని లైను లైనుగా సరిచూసుకుని 94 నిమిషాలకి ఒప్పుకున్నారు, పెద్ద స్లాబ్ వర్తించింది. మిగతా 21 నిమిషాలకి డబ్బు ఇవ్వలేదు. ట్రాన్సిట్‌తో వాళ్ళకున్న ఒప్పందంలో డాంపింగ్ ప్రస్తావన లేదట. అది న్యాయంగా నాకు తోచలేదు, ఆ మాట మీటింగ్‌లో చెప్పాను కూడా. రైతుకి లింక్ ఎవరి వల్ల ఆగిందన్నది ముఖ్యం కాదు. డబ్బు రాకపోయినా ట్రాన్సిట్ గీతని 6000కి పెంచింది.

ఎక్సెల్‌లో పనిచేసేవాళ్ళకి ఒక మాట. ఎమ్‌ఆర్‌టీ సెకన్లను 86400తో భాగించి 25569 కలిపితే తేదీ, టైమ్ వస్తాయి. అవి యూటీసీవి. మన టైమ్ కావాలంటే ముందే 19800 సెకన్లు కలపాలి. మా కుర్రాడి షీట్‌లో కొన్ని వరసలకి కలిపారు, కొన్నిటికి లేదు, సర్వర్ లాగ్‌కైతే మన టైమ్ మీదే ఇంకో అయిదున్నర గంటలు కలిపారు. ఇప్పుడు వాళ్ళ దగ్గర రౌటర్లు, సర్వర్లు, షీట్లు అన్నీ యూటీసీలోనే నడుస్తాయి. కస్టమర్‌కి ఇచ్చే కాగితం మీద మాత్రం చివర్లో ఒకేసారి మన టైమ్‌కి మారుస్తారు.

సెన్సర్ కంపెనీ ఇంటర్నెట్‌తో పని లేకుండా గట్టు మీదే మోగే సైరన్‌లు పెట్టింది. ప్రొవైడర్ ఒంగోలు వైపు నుంచి రెండో అప్‌స్ట్రీమ్ తీసుకున్నాడు, రెండు లింకుల మీదా బీఎఫ్‌డీ (లింక్ పోతే రౌటర్‌కి వెంటనే తెలిసే పద్ధతి) పెట్టాం. కొత్త ఒప్పందంలో ఔటేజ్ మొదలుని టికెట్ టైమ్‌తో కాకుండా రెండు వైపుల రౌటర్ లాగ్‌లతో, తేడా వస్తే కలెక్టర్ అప్‌డేట్ ఫైళ్ళతో తేల్చాలని రాయించాం. రెండో లింక్ వచ్చాక ఒక మధ్యాహ్నం ఫైబర్‌ని స్విచ్ అవతల కావాలనే తీసి చూశాం. బీఎఫ్‌డీ సెకనులోపే పట్టుకుంది. కలెక్టర్లలో రూట్ మాయం కాలేదు, పాత్ మాత్రం ఒంగోలు వైపుకి మారింది, రెండు నిమిషాల్లోపు అందరు పీర్ల దగ్గరా కొత్త పాత్ స్థిరపడింది.